అక్క తలెత్తి చూసిన గోడ

పత్రికలో ఒకే ఒక్క వాక్యం వచ్చింది. ఆసియా దేశాలన్నీ కలిసి ఆడే ఆ పెద్ద పోటీల్లో, గోడ ఎక్కే విభాగంలో, మన అమ్మాయి ఫైనల్‌కు చేరలేక నిరాశపరిచిందట. ఆ వాక్యం కూడా ఎక్కడో అడుగున, ఒక క్రికెట్ ఆటగాడి మోకాలి నొప్పి గురించిన పొడుగాటి వార్త కింద ఇరుక్కుని ఉంది. అమ్మాయి పేరు వేయలేదు. ఊరు మాత్రం బెంగళూరు అని వేశారు. అదీ తప్పే.

హిందూపురం బస్టాండు దగ్గర టీ కొట్టులో ఆ పేపరు చదివి, గ్లాసు పక్కన పెట్టి, టీ పోసే అతన్ని అడిగాను.

"ఎవురిని నిరాశపరిచిందప్పా?"

నేను దేని గురించి అడుగుతున్నానో అతనికి తెలియదు. "ఎవురో ఒకర్ని పరిచింటుందిలే తాతా. చక్కెర సాలిందా?" అన్నాడు.

ఆ పోటీ నేను చూశాను. రాసినవాడు చూడలేదని ఏ దేవుడి ముందైనా చెప్పగలను. చూసినవాడి చేతికి ఆ మాట రాదు. అందుకని నేనే రాస్తున్నాను. నేను బడికి పోయింది రెండో తరగతి దాకా. మిగిలిన చదువంతా హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టులో బస్తాలు మోస్తూ, శనక్కాయలు కట్టిచ్చిన కాగితాలు విప్పి చదువుతూ, బోర్డుల మీద తెలుగు పక్కన ఉన్న కన్నడాన్ని పోల్చుకుంటూ నేర్చుకున్నది. చెప్పేవాడు లేకుండా చదువుకున్నవాడికి ఒక రోగం ఉంటుంది. అచ్చులో అబద్ధం కనబడితే ఒళ్లు మండుతుంది. ఈ వయసులో అది ఇంకా ముదిరింది.

ఆ అమ్మాయి మా అక్క మనవరాలు. అక్కను పెనుకొండ నుంచి ధర్మవరం ఇచ్చారు. అత్తింట్లో పట్టుచీరలు నేస్తారు. అక్క చిన్నకొడుకు, అంటే నా మేనల్లుడు, ఇప్పటికీ ఆ ఇంట్లోనే మగ్గం మీద కూర్చుంటాడు. అతని కూతురే ఈ పిల్ల. బెంగళూరులో డిగ్రీ చదవడానికి పోయి, అక్కడ ఈ ఆట పట్టుకుంది. సెలవులకు వచ్చేటప్పుడు రైలు దిగి హిందూపురంలో మా ఇంట్లో ఒక పూట ఉండి, మళ్లీ ధర్మవరం రైలెక్కేది. ఆ పూటల్లోనే నాకు ఈ ఆట గురించి తెలిసింది.

పోటీ రోజు అందరూ గెలుపు గురించి మాట్లాడుకున్నారు. నాకు, ఆ పిల్లకు మాత్రం వేరే విషయం తేలాల్సి ఉంది. పిల్ల గోడ ఎక్కుతుంటే మా అక్క చూస్తుందా, చూడదా?

అది అర్థం కావాలంటే మా నాయన గురించి చెప్పాలి. నాయన పెనుకొండలో ఒకరి మగ్గాన్ని మా ఇంట్లోనే పెట్టుకుని కూలికి నేసేవాడు. నూలు రాని రోజుల్లో కొండెక్కి కట్టెలు, సీతాఫలాలు, ఎండాకాలంలో తేనె తెచ్చేవాడు. ఇప్పుడు ఆ కొండ మీదికి కార్లు పోతున్నాయి. కోట గోడల ముందు నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. అప్పుడు దారి అంటే మేకలు పోయే దారే. ఒక పెద్ద బండకు పక్కగా తేనెతుట్టె ఉందని నాయన ఎక్కాడు. కింద బుట్ట పట్టుకుని అక్క నిలబడింది. దానికి పన్నెండేళ్లు ఉంటాయేమో. నేను జ్వరంతో ఇంట్లో పడుకుని ఉన్నాను.

నాయన పడ్డాడు. ప్రాణం పోలేదు, తుంటి ఎముక విరిగింది. గుంట మగ్గం అంటే నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టి తొక్కుతూ నేయాలి. ఆ కాలు మళ్లీ మగ్గం తొక్కలేదు. కొన్నాళ్లకు ఆ గుంటలోకి అక్క దిగింది. కాళ్లు అందకపోతే తొక్కుడు చెక్కలకు కొయ్యముక్కలు కట్టి ఎత్తు చేశారు. నాయన మంచం మీద నుంచి చెప్తుంటే అక్క నేసేది.

ఆ రోజు ఏం చూసిందో అక్క ఎవరికీ చెప్పలేదు. మేమూ అడగలేదు. కానీ అప్పటి నుంచి అక్క ఎత్తు మీద ఉన్న మనిషిని చూడదు. ఇంటికి సున్నం కొట్టేవాళ్లు నిచ్చెన ఎక్కితే లోపలికి పోతుంది. టెంకాయలు దించే అతను చెట్టెక్కితే, అతను దిగి నీళ్లు అడిగేదాకా వంటింట్లోంచి రాదు. పెళ్లికి పందిరి వేస్తుంటే కూడా అంతే. ఇరుగుపొరుగు వాళ్లు దాన్ని అక్క మర్యాద అనుకునేవాళ్లు.

అలాంటి ఇంట్లో ఈ పిల్ల పుట్టి గోడలు ఎక్కుతానంది.

"గోడలు ఎక్కేది దొంగలు గదే" అంది అక్క మొదటిసారి విన్నప్పుడు.

"దొంగలు ఇంత కష్టపడరవ్వా" అంది పిల్ల.

తరువాత అక్క దాని గురించి ఒక్క మాట మాట్లాడలేదు. అడ్డు చెప్పలేదు, ఎట్లుందని అడగలేదు. పిల్ల ఫోనులో ఏదన్నా చూపించబోతే "కండ్లు అవుపడవు" అని లేచిపోయేది. కంటి ఆపరేషన్ అయినాక దాని దూరపు చూపు నాకంటే బాగుంది. అందరికీ తెలుసు.

వేళ్ల గొడవ ఒకటి వచ్చింది. మగ్గం మీది నిలువు పోగుల వరసను పడుగు అంటారు. పాత పడుగు అయిపోతే, కొత్త పడుగులోని వేల పోగులను పాత కొసలకు ఒక్కొక్కటిగా మెలివేసి అతకాలి. రెండు పోగులు పక్కపక్కన పెట్టి, వేళ్లకు కాస్త బూడిద అద్దుకుని, బొటనవేలితో ఒక్క నలుపు. అంతే, అతుక్కుపోతుంది. ధర్మవరంలో ఆ వీధిలో అక్క అతికినట్టు ఎవరూ అతకలేరని పేరు. దగ్గర చూపు తగ్గింది గానీ వేళ్లకు ఏమీ తగ్గలేదు. ఒక సెలవుల్లో పిల్ల పక్కన కూర్చుని రెండు పోగులు పట్టుకుంది. చిన్నప్పుడు బాగానే అతికేది. ఈసారి ఆ వేళ్లకు తగిలిన చోటల్లా పట్టుపోగు చీలి నూగు లేచింది.

అక్క ఆ చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది. వేళ్ల చివర్లు గచ్చులాగ గరుకుగా ఉన్నాయి. అరచేతిలో కాయలు, ఒక చోట తోలు ఊడిపోయి ఎర్రగా ఉంది.

"ఏమి చేతులే ఇవి? రాళ్లు కొట్టేదానికి పోతాండావా?"

"దాదాపు అంతే అవ్వా."

"లెయ్. పడుగు ముట్టుకోవాకు."

పిల్ల లేచి బయటికి వచ్చి, అరుగు మీద నా పక్కన కూర్చుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. "అవ్వ నా చెయ్యి పట్టుకోని శానాసేపు సూసింది తాతా, సూసినావా?" అంది సంతోషంగా.

తరువాత ఒకసారి నేను బెంగళూరు పోయాను. పిల్ల ఎక్కే గోడను చూడాలని. ఇంట్లో చిత్రాన్నం కట్టించుకుని పొద్దున రైలెక్కాను. గోడ అంటే నేను ఇంటి గోడలాంటిదే పెద్దదిగా ఉంటుందనుకున్నాను. ఆ గేటు లోపలికి పోయి తలెత్తి చూశాను. అది నిలబడిన గోడ కాదు. మన మీదికి వంగిన గోడ. కొండ చరియ కిందకి పోయి నిలబడితే ఎట్లుంటుందో అట్లుంది. దానికి రంగురంగుల బుడిపెలు బిగించారు. కొన్ని సోరకాయంత, కొన్ని చింతగింజంత. ఆ చింతగింజ మీద రెండు వేళ్లు ఆనించి, వీపు నేలవైపు పెట్టుకుని, మా పిల్ల వేలాడుతోంది. నడుముకు తాడు ఉంది. పైకి పోతూ దారిలో ఉన్న కొక్కేలకు ఆ తాడు తగిలించుకుంటోంది. ఒక చేత్తో ప్రాణం పట్టుకుని, ఒక చేత్తో తాడు తగిలించడం. నేను జీవితమంతా బరువులు మోసినవాణ్ని. తన బరువును తను అంత ఇష్టంగా మోసే మనిషిని అప్పుడే చూశాను.

దిగి వచ్చాక అది వెంటనే తినడానికి రాలేదు. మళ్లీ గోడ కింద నిలబడి, తలెత్తి, గాలిలో చేతులు ఆడించింది. ఎడమ చెయ్యి పైకి, కుడి చెయ్యి అడ్డంగా, ఒక కాలు కొంచెం లేపి. చూసేవాళ్లకు పిచ్చి పట్టిందనిపిస్తుంది.

"ఏమి చేస్తాండావే?"

"చదువుకుంటాండా తాతా. ఎక్కకముందే గోడంతా చదువుకోవల్ల. ఏ చెయ్యి యాడ పెట్టల్ల, యాడ మారల్ల, యాడ ఊపిరి తీసుకోవల్ల."

చదవడమంటే ఎంత కష్టమో నాకు తెలుసు. ఒక్కో అక్షరం దగ్గర ఆగి, దాన్ని నోట్లో తిప్పి, పక్కదానితో కలిపి చూసి, తప్పైతే మళ్లీ మొదటికి రావడం. ఇక్కడ తప్పైతే మళ్లీ మొదటికి రావడం లేదు. పడడమే.

చిత్రాన్నం తింటూ పోటీ నియమాలన్నీ చెప్పింది. పోటీకి కొత్త దారి బిగిస్తారు. అందరికీ ఒకేసారి కొన్ని నిమిషాలు చూపిస్తారు. తరువాత అందరినీ లోపల ఒక గదిలో పెడతారు. ఒకరు ఎక్కేది తరువాత ఎక్కేవాళ్లు చూడకూడదు. ఫోన్లు తీసేసుకుంటారు. బయటి నుంచి ఒక్క కబురు తెలిసినా తప్పే. ఒక్కొక్కరిని పిలుస్తారు, ఒక్కసారే ఎక్కనిస్తారు.

"పడితే?"

"అందరూ పడతారు తాతా. చివరి దాకా పొయ్యేటోళ్లు యాడో ఒకరు. ఎంత పైకి పోయి పడినామనేదే లెక్క."

ఆ మాట విని నేను తినడం ఆపాను. అందరూ పడతారని ముందే ఒప్పుకుని ఆడే ఆట! నాకు తెలిసిన ఆటల్లో అట్లాంటిది లేదు.

అది చెయ్యి కడుక్కుని వచ్చింది. "తాతా, అవ్వ ఒక్కసారి సూస్తే సాలు" అంది. "అవ్వకు నేను పడేది గాదు, నన్ను తాడు పట్టుకునేది సూపించల్ల. వీడియో కాదు. అప్పటికప్పుడు ఎక్కేది సూడల్ల." ముత్తాత పడిన సంగతి దానికి నేనే ఎప్పుడో చెప్పాను.

జట్టుకు ఎంపికైంది. వెళ్లేముందు ధర్మవరం వచ్చి, అక్క ఎదుటే కూర్చుని అడిగింది. నేనూ అక్కడే ఉన్నాను.

"అవ్వా, నువ్వు సూడల్ల."

"తిన్యావా?"

"తిన్యా. సూస్తావా?"

"ఆ దినం పడుగు అతికేది ఉండాది" అంది అక్క.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. పడుగు అతకడం మొదలుపెట్టిన మనిషి అది అయ్యేదాకా లేవకూడదు. మధ్యలో ఇంకొకరు కూర్చోకూడదు. ఒక్కొక్కరి నలుపు ఒక్కో బిగువు, చెయ్యి మారితే ఆ చోట చీర పలచబడుతుందంటారు. అక్క ఆ రోజునే ఏరి పెట్టుకుంది. పాత పడుగులో ఇంకా ఒక చీరకు సరిపడా మిగిలి ఉంటే, దాన్ని నేసేయమని కొడుకును తొందరపెట్టింది కూడా.

పిల్ల తల ఊపి, అవ్వ కాళ్లకు దండం పెట్టి పోయింది. అదే రైల్లో వచ్చి హిందూపురంలో దిగి, నేను ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను. కిటికీలోంచి "నీదే బాధ్యత తాతా" అంది. నేనేం చేయగలను? అక్కకు నేను చెప్పిన మాట ఒక్కటైనా వినిందా ఈ జన్మలో?

పోటీ రోజు పొద్దునే ధర్మవరం పోయాను. ఏ టీవీ చానెల్లోనూ ఆ ఆట రావడం లేదు. ఒకదాంట్లో పాత క్రికెట్ మ్యాచి, దాని పక్కదాంట్లో అదే మ్యాచి గురించి చర్చ. నేను తిట్టడం మొదలుపెట్టాను. పక్కింటాయన, ఆయనా నేతపనివాడే, మంచి మాటకారి, తన ఫోనులో ఎక్కడో వెతికి పట్టుకుని దాన్ని టీవీకి కలిపాడు. "ఏమి తాతా, నీ తిట్లకు భయపడి వచ్చేసింది సూడు" అన్నాడు నాతో.

అక్క అప్పటికే మగ్గం గదిలో కూర్చుని అతుకుతోంది. తల వంచుకునే ఉంది. పక్కన బూడిద చిప్ప. టీవీ ముందు గదిలో ఉంది.

"టీవీని ఆడికి ఎత్తుకుపోదామప్పా" అన్నాను మేనల్లుడితో.

"అమ్మ తిడుతుంది మామా."

"నన్ను తిట్టనీ."

ముగ్గురం కలిసి టీవీని మోసి, మగ్గానికి ఎదురుగా గోధుమల డబ్బా మీద పెట్టాం. అక్క తలెత్తలేదు. దాని చేతులు మాత్రం కాస్త వేగం పెరిగాయి.

"అవ్వా, టీవీ నడుసుకుంటా నీ దగ్గరికి వచ్చింది" అన్నాడు పక్కింటాయన. "నువ్వు తలకాయ ఎత్తితే ఏమి అరిగిపోతుంది?"

"పోగు తెగితే నువ్వు అతుకుతావా?"

"నేను అతికితే చీరకు బదులు వల అవుతుంది."

"అయితే గమ్మునుండు."

ముందు వేరే దేశాల అమ్మాయిలు వచ్చారు. గోడ ఆ బెంగళూరు గోడ కంటే ఎత్తు. పైకి పోయేకొద్దీ పడవ అడుగులాగ ముందుకు వంగింది. మొదటి అమ్మాయి సగం దాకా పోయి, ఒక పసుపుపచ్చ బుడిపె దగ్గర జారిపోయింది. రెండో అమ్మాయీ అక్కడే. మూడో అమ్మాయి దాని మీద చెయ్యి కాకుండా మడమ పెట్టి దాటేసింది.

నేను గోడను చూస్తూ ఉండిపోయాను. కాసేపటికి గదిలో ఒక గుసగుస మొదలైంది. తిరిగి చూస్తే పిల్ల తల్లి ఫోను మీద వేగంగా టైపు చేస్తోంది. మేనల్లుడు చెవిలో చెబుతున్నాడు. పక్కింటాయన కూడా మేనల్లుడి ఫోనులో ఏదో మాట్లాడి రికార్డు చేస్తున్నాడు. "పాపా, పసుపుపచ్చ కాడ చెయ్యి పెట్టొద్దు, మడమ పెట్టు, మడమ!"

"ఏమి చేస్తాండారు మీరు?" అన్నాను.

"పాపకు చెప్తాండాం చిన్నాయనా" అంది తల్లి. "ఆ పసుపుదాని కాడ అందరూ జారతాండారు. ముందే తెలిస్తే మేలు గదా."

నేను లేచి నిలబడ్డాను. ఆ ఇంట్లో నేయడం నేర్పేది అట్లాగే. పక్కవాడికి పోగు తెగితే, ఎక్కడ తెగిందో, ఎట్లా తెగిందో వీధిలోని మగ్గాలన్నింటికీ కేక వేసి చెబుతారు. తెలిసింది చెప్పకుండా ఉండడమే వాళ్లకు పాపం. పోటీ అంటే అర్థం తెలియక కాదు. కళ్ల ముందు పిల్ల జారే చోటు కనబడుతుంటే నోరు మూసుకుని ఎట్లా ఉంటారు?

"బయటి కబురు తెలిస్తే పోటీలోంచే తీసేస్తారు. అది నాకు చెప్పింది. దాన్ని వాకిట్లోకి నెట్టేస్తాండారు మీరు."

తల్లి ముఖం తెల్లబోయింది. "అయ్యో, నేను శానా పంపిస్తి చిన్నాయనా. ఫోటోలు గూడా." ఒక్కొక్కటీ తుడిచేయసాగింది. మేనల్లుడు లాక్కుని చూశాడు.

"ఒక్క టిక్కే ఉండాది" అన్నాడు మేనల్లుడు. "దేనికీ రెండోది పడలే. పాప ఫోను ఆపి పెట్టింది."

"తీసిపెట్టుకున్నారు వాళ్లు. నియమమది" అన్నాను. అప్పుడు గానీ నేను కూర్చోలేకపోయాను.

ఆ గొడవంతా అక్క వినింది. తల వంచుకునే, మెల్లగా అడిగింది.

"ఒరే, ఎవురూ ఏమీ చెప్పకుండానే ఎక్కుతుందా అది?"

"ఎవురూ చెప్పరక్కా. ఆ గోడను అది చదువుకున్నదే దానికి దిక్కు."

"ముందు పడినోళ్లను గూడా సూడదా?"

"సూడదు."

అక్క మళ్లీ రెండు పోగులు నలిపింది. అప్పుడు తెర మీద మా పిల్ల వచ్చింది.

నీలం చొక్కా, వెనక మన దేశం పేరు. నడుము వెనక ఒక చిన్న సంచి. అందులో చేతులు ముంచి, తెల్లటి పొడి అద్దుకుని, అరచేతులు రుద్దుకుని, వేళ్లను ఒక్కొక్కటీ బొటనవేలితో నలిపింది. పక్కింటాయన "బూడిద పూసుకుంటాంది సూడు, అవ్వ మాదిరి" అన్నాడు. మామూలుగా అతని మాటకు అక్క ఎదురు మాట అనకుండా వదలదు. ఈసారి వదిలేసింది. కానీ దాని చేతులు ఆగాయి.

అక్క చూపు పోగుల మీది నుంచి లేచింది. పైకి లేవలేదు. తెర అడుగుభాగం దాకా వచ్చి ఆగింది. అక్కడ, గోడ కింద, ఒక మనిషి నిలబడి ఉన్నాడు. నడి వయసు, నల్ల టోపీ. పిల్ల నడుముకు కట్టిన తాడు రెండో కొస అతని నడుముకు ఉంది. పిల్ల ఎక్కేకొద్దీ అతను తాడును కాస్త కాస్త వదులుతున్నాడు. పిల్ల తాడు తగిలించడానికి లాగితే గబుక్కున ఇస్తున్నాడు. తగిలించాక మిగిలినది వెనక్కి తీసుకుంటున్నాడు. తల ఎత్తి పిల్లను తప్ప ఇంకేమీ చూడడం లేదు. ఇంతసేపూ నేను ఆ మనిషిని గమనించనే లేదు. నా కళ్లన్నీ పైనే ఉన్నాయి.

అక్క అతని చేతులను చూస్తోంది. తరువాత ఆ చేతుల్లోంచి పోయే తాడును చూసింది. తాడు మొదటి కొక్కెం దాకా పోయింది, అక్క చూపు అక్కడిదాకా పోయింది. తరువాత రెండోది. మూడోది. నేను టీవీ చూడడం మానేసి మా అక్క ముఖమే చూస్తూ ఉన్నాను. ఎన్ని ఏళ్ల తరువాతో, మా అక్క తల మెల్లగా, మెడ నొప్పి పుట్టినదానిలాగ, పైకి లేచింది. తాడు కొసన దాని మనవరాలు ఉంది.

పిల్ల పసుపుపచ్చ బుడిపె దగ్గరికి వచ్చింది. తల్లి రెండు చేతులతో నోరు మూసుకుంది. పిల్ల ఆగింది. ఒక చెయ్యి విదిలించుకుని సంచిలో ముంచింది. బుడిపెను చూసింది. దాని మీద చెయ్యి వేయలేదు, మడమ కూడా వేయలేదు. దాన్ని అసలు ముట్టుకోకుండా, ఒళ్లంతా పక్కకు విసిరి, అవతల ఉన్న ఇంకోదాన్ని రెండు చేతులా అందుకుంది. రెండు కాళ్లూ గాలిలోకి పోయాయి. ఉయ్యాలలాగ ఊగి, మళ్లీ గోడకు వచ్చాయి. అక్కడున్న జనం అరిచిన అరుపు టీవీలో పగిలిపోయి వినబడింది. మా గదిలో ఎవరూ అరవలేదు. అక్కడ అట్లా పోవచ్చని మాకు ఎవరికీ తోచలేదు. మేం పంపిన కబుర్లు అంది ఉంటే, మడమ పెట్టేదేమో.

ఇంకా పైకి పోయింది. గోడ పడవ అడుగులాగ వంగిన చోటికి. అక్కడ మనిషి గోడకు వేలాడడం కాదు, ఇంటి కప్పుకు బల్లి అంటుకున్నట్టు. ఒక చేతి వేళ్లు వణుకుతున్నాయి. ఒక వేలికి కట్టిన తెల్ల పట్టీ ఎర్రగా తడిసింది. ఇంకో బుడిపె కోసం చెయ్యి చాపింది. వేళ్లు తగిలాయి. తగిలి, జారాయి.

పడింది.

నేను అక్కను చూశాను. అక్క కళ్లు మూయలేదు. పిల్ల గాలిలో కిందికి వస్తుంటే, నల్ల టోపీ మనిషి ఒక్క అడుగు ముందుకు వేసి, చిన్నగా ఎగిరి, తాడు బిగించాడు. పిల్ల మధ్యలో ఆగింది. మెల్లగా ఊగుతూ, తలకిందులుగా ఉన్నది సరిగ్గా అయి, ముఖం మీద జుట్టు తోసుకుని, నవ్వింది. అతను దాన్ని నేల మీదికి దించాడు. కోడిపిల్లను నేల మీద వదిలినట్టు.

అక్క వేళ్ల మధ్య రెండు పోగులు అట్లాగే ఉన్నాయి. కలవలేదు.

"నేను బుట్ట పట్టుకోని నిలబడింటిరా" అంది. అరవై ఏళ్లలో అదే మొదటిమాట, ఆ రోజు గురించి. "ఉత్త బుట్ట. నా చేతిలో తాడు లేకపాయ."

పక్కింటాయన, ఏమీ అర్థం కాకపోయినా, గమ్మున బయటికి పోయాడు. మేనల్లుడు అక్క పక్కన కూర్చున్నాడు. టీవీలో వేరే అమ్మాయి ఎక్కుతోంది. చివరికి లెక్క తేలినప్పుడు మా పిల్ల ఫైనల్‌కు పోలేదు. కాస్తలో పోయింది. అది ఆ పత్రికవాడికి నిరాశట.

చాలాసేపటికి ఫోను మోగింది. నాకే చేసింది. పలకరింపు లేదు, ఫైనల్ ఊసు లేదు.

"తాతా, అవ్వ సూసిందా?"

అక్క చేతులకు బూడిద ఉంది. నేనే ఫోను దాని చెవి దగ్గర పట్టుకున్నాను.

"సూసినాలేవే" అంది అక్క. "కండ్లు మూసుకోలే."

అవతల ముక్కు ఎగపీల్చిన చప్పుడు వినబడింది.

"యాడుస్తాండావా? యాటికి? నువ్వేమన్నా పడినావా, దించినారు గదా." అక్క ఫోనుకు ఇంకా దగ్గరగా వంగింది. "ఒక మాట విను. కింద తాడు పట్టుకోనుండ్యాడే ఒకాయప్ప, నల్ల టోపీ. ఆయప్పకు నేను దండం పెట్టినానని చెప్పు."

"ఆయన ఈడి మనిషి అవ్వా. తెలుగు రాదు ఆయనకు."

"చేతులు జోడించేదానికి తెలుగు యాటికి?"

"సరే అవ్వా."

"వేలికి రగతం వస్తాండ్యా. నెయ్యి రాయి. వచ్చినాక సూస్తా." అని, నాతో, "తియ్యిరా ఫోను, పని ఉండాది" అంది. ఆగిపోయిన రెండు పోగులను వేళ్లతో వెతుక్కుని, బూడిద అద్దుకుని, ఒక్క నలుపు నలిపింది. చీకటి పడేదాకా లేవలేదు.

మరునాడు పిల్ల ఒక ఫోటో పంపింది. గోడ ముందు మా పిల్ల చేతులు జోడించి నిలబడి ఉంది. ఎదురుగా నల్ల టోపీ మనిషి, ఎందుకో ఏమిటో తెలియక, టోపీ తీసి చేత్తో పట్టుకుని, దానికంటే ఎక్కువ వంగి ఉన్నాడు. నేను ఆ ఫోటో తీసుకుపోయి అక్కకు చూపించాను. అక్క కళ్లద్దాలు పెట్టుకుంది. మనవరాలి మీద ఒక్క చూపు వేసి, "ఆయప్ప చేతులు పెద్దగ సూపీరా" అంది.

వేళ్లతో తెరను లాగి పెద్దగా చేశాను. టోపీ పట్టుకున్న చెయ్యి, తాడు ఒరిపిడికి నల్లబడిన బొటనవేలు కనబడ్డాయి.

అక్క చాలాసేపు చూసింది.

"మేలైన చేతులు" అంది. ఫోను నాకు ఇచ్చేసి, మగ్గం వైపు పోయింది.